అప్పగించాను అంటాం, రాత్రి నిద్ర పట్టదు: దేవుని కోసం కనిపెట్టడం ఎలా?

మా కూడికకు వచ్చేవాళ్లలో నెలకు ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతారు. "అక్కా, ప్రార్థన చేశాను, దేవుడికి అప్పగించేశాను. అయినా టెన్షన్ తగ్గట్లేదు. నాకు విశ్వాసం చాలట్లేదా?" అమీర్‌పేట హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్న అమ్మాయి అడిగింది. హైటెక్ సిటీలో ఉద్యోగం పోయి, మూడు నెలలుగా ఇంట్లో చెప్పకుండా పొద్దున్నే బ్యాగు వేసుకుని బయటికొచ్చేస్తున్న తమ్ముడు అడిగాడు. పెళ్లయి ఆరేళ్లయినా పిల్లలు లేరని ఫంక్షన్లకు వెళ్లడం మానేసిన జంట అడిగింది. ప్రతిసారీ మెట్ల దగ్గర నిలబడి, చెప్పులేసుకుంటూ ఐదు నిమిషాల్లో ఏదో చెప్పి పంపిస్తున్నాను. అది సరిపోదని నాకూ తెలుసు. అందుకే వరుసగా రాస్తున్నాను.

ముందు రెండు మాటల సంగతి చూద్దాం. మన బైబిల్లో "కనిపెట్టుకొని యుండుము" అని ఉంటుంది. ఈ రోజుల్లో కనిపెట్టడం అంటే దొంగను కనిపెట్టడం, మందు కనిపెట్టడం. కానీ పొయ్యి మీద పాలు పెట్టి అమ్మ "కాస్త కనిపెట్టుకుని ఉండవే" అంటుంది చూడండి, బైబిల్లో మాట అదే. పాలు కాగడం మన చేతిలో లేదు. అలాగని టీవీ ముందుకు వెళ్లిపోతే కుదరదు.

రెండో మాట అప్పగించడం. పెళ్లిలో అప్పగింతలప్పుడు ఏడవని తల్లి ఉంటుందా? ఏడ్చింది కాబట్టి పిల్లను అప్పగించలేదని ఎవరూ అనరు. మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి వెళ్లి పిల్లను వెనక్కి తెచ్చేసుకుంటే అప్పుడంటారు. మీకు టెన్షన్ ఉందా లేదా అన్నది నేను పెద్దగా పట్టించుకోను. ఆటో ఎక్కుతున్నారా లేదా, అదే అడుగుతాను. కింద రాసిన మెట్లన్నీ దాని కోసమే.

కావలసినవి

- ఒక నోటు పుస్తకం, పెన్ను. ఫోన్లో రాసుకుంటానంటారు, వద్దు. ఫోన్ తీస్తే ముందు మెయిల్ చూస్తారు, ఆ తర్వాత ప్రార్థన ఉండదు.
- బైబిల్. అచ్చు పుస్తకమైతే మంచిది.
- రోజుకు 20 నిమిషాలు.
- మీ విషయం తెలిసి నోరు జారని మనిషి, ఒక్కరు.
- క్యాలెండర్లో ఒక తేదీ. ఇవాళ్టికి 40 రోజుల తర్వాతది పెట్టుకోండి. 40లో మహిమ ఏమీ లేదు, వారం మరీ తక్కువ, ఏడాది మరీ ఎక్కువ, అంతే.
- ఒక మామూలు కవరు.

1. విషయం ఒక్క వాక్యంలో రాయండి

"నా జీవితం నీ చేతుల్లో పెడుతున్నాను ప్రభువా" అని రాయకండి. పాటలో బాగుంటుంది, కాగితం మీద దానికి అర్థం ఉండదు. "ఆగస్టులోగా ఉద్యోగం రాకపోతే ఇంటి అద్దె కట్టలేను" అని రాయండి. "వాళ్లు ఈ సంబంధం కూడా వద్దంటే అమ్మ ముఖం చూడలేను" అని రాయండి. సిగ్గుగా ఉంటే అసలు విషయానికి దగ్గరగా వచ్చినట్టే.

దీనికి ఆధారం రెండవ రాజులు 19:14. అష్షూరు రాజు బెదిరిస్తూ పంపిన ఉత్తరాన్ని యూదా రాజు హిజ్కియా చదివి, మందిరానికి తీసుకెళ్లి యెహోవా సన్నిధిలో విప్పి పరిచాడు. సంగ్రహంగా చెప్పలేదు, కాగితమే పరిచాడు. మీ దగ్గర కూడా అలాంటి కాగితం ఉంటే, అంటే స్కాన్ రిపోర్టో, బ్యాంకు నోటీసో, రిజెక్ట్ అయిన వీసా చీటీయో, దాన్నే ముందు పెట్టుకోండి.

2. పేజీ మధ్యలో గీత గీయండి

ఎడమవైపు "నేను చేయాల్సింది", కుడివైపు "నా చేతిలో లేనిది". ఈ మెట్టు దగ్గర తొందరపడకండి, అరగంటైనా పట్టాలి. ఉద్యోగం విషయమైతే రెజ్యూమె సరిచేయడం, రోజుకు ఐదు అప్లికేషన్లు పెట్టడం, ఇంట్లో నిజం చెప్పడం ఎడమవైపు. ఇంటర్వ్యూ తీసుకునేవాడి మనసు, మార్కెట్, వాళ్లు ఫోన్ చేసే రోజు కుడివైపు. పిల్లల విషయమైతే డాక్టర్ దగ్గరికి భార్యాభర్తలిద్దరూ వెళ్లడం ఎడమవైపు. ఇద్దరూ అని కావాలనే రాశాను, మన దగ్గర ఇంకా భార్యకే పరీక్షలన్నీ. గర్భం నిలవడం కుడివైపు.

దేవుడికి అప్పగించేది కుడివైపు మాత్రమే. ఎడమవైపు పని ఆయన మీద వేస్తే అది విశ్వాసం పేరు పెట్టుకున్న బద్ధకం. హిజ్కియా ఉత్తరం పరిచింది నిజమే, కానీ శత్రువు యెరూషలేము దాకా రాకముందే ఊరి బయట నీటి ఊటలు పూడ్పించాడు కూడా. రెండవ దినవృత్తాంతములు 32లో ఉంటుంది, చూడండి.

హెచ్చరిక: ఎడమవైపు ఖాళీగా మిగిలినా, 20 వరసలు దాటినా ఎక్కడో తప్పు జరిగింది. మొదటిదైతే చేతులు కట్టుకుని కూర్చోబోతున్నారు. రెండోదైతే కుడివైపువి కూడా మీరే మోస్తున్నారు.

3. కుడివైపువి ఒక్కొక్కటి చదువుతూ, గొంతు విప్పి అప్పగించండి

మనసులో చేసే ప్రార్థన తప్పు కాదు. కాకపోతే మనసులో మొదలైన ప్రార్థన మూడో నిమిషంలో ఆలోచనగా మారిపోతుంది, మనకే తెలియదు. అందుకే పైకి అనండి. నేను అనేది ఇలా ఉంటుంది: "ప్రభువా, ఆ ఫోన్ ఎప్పుడు రావాలో నా చేతిలో లేదు. రావాలని నాకు చాలా ఉంది. రాకపోతే నాకు భయం. ఇది నీకిస్తున్నాను. నా యిష్టం కాదు, నీ చిత్తమే కానివ్వు."

"రావాలని నాకు చాలా ఉంది" అన్న వాక్యం వదిలేయకండి. కోరికే లేనట్టు నటించడం భక్తి అనుకుంటాం. గెత్సేమనేలో యేసు ముందు "ఈ గిన్నె నా యొద్దనుండి తొలగించుము" అనే అడిగాడు. నీ చిత్తమే అన్న మాట ఆ తర్వాత వచ్చింది.

ఒకసారి అప్పగించాక మళ్లీ అడిగితే అవిశ్వాసమా అని అడుగుతారు. కాదు. మత్తయి 26:44 ప్రకారం ఆయన మూడోసారి కూడా అవే మాటలతో ప్రార్థించాడు. పౌలు తన శరీరంలో ముల్లులాంటి బాధ తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. మీకు ముప్ఫైసార్లు పట్టవచ్చు.

చదవడం అయ్యాక ఆ పేజీ చింపి కవర్లో పెట్టి, పైన 40వ రోజు తేదీ రాసి, బైబిల్ వెనక పెట్టేయండి. ఎడమవైపు జాబితా వేరే కాగితం మీద రాసుకుని గోడకు అంటించుకోండి. ఇక రోజూ కనబడాల్సింది అదొక్కటే.

గది దొరకదంటారు. నిజమే, ఇద్దరు పడుకునే హాస్టల్ గదిలో నలుగురుంటే గొంతు విప్పేదెక్కడ? డాబా మీదికి వెళ్లండి, లేదా పగలు తలుపు తీసి ఉండే పాత చర్చి ఏదైనా చూసుకోండి. సికింద్రాబాద్ ఎస్.డి. రోడ్డులో సెయింట్ మేరీస్ వెనక బెంచీ మీద నేను కూర్చున్న మధ్యాహ్నాలు చాలా ఉన్నాయి. మేం సీఎస్ఐ వాళ్లం, అంటే ప్రొటెస్టెంట్లం, అది క్యాథలిక్ చర్చి. బెంచీ నన్ను ఎప్పుడూ అడగలేదు.

4. ఆటో స్టాండు ఎక్కడుందో కనుక్కోండి

అంటే, ఇచ్చిందాన్ని మీరు వెనక్కి తెచ్చుకునే దారి ఏది? అందరికీ ఒకటే ఉండదు. ఒకరికి పావుగంటకోసారి మెయిల్ తెరవడం. ఒకరికి రాత్రి 11 దాటాక అబ్బాయి వాళ్ల ప్రొఫైల్ చూడటం. ఒకరికి ఈ ఆదివారం ఈ పాస్టర్ గారిని, వచ్చే శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆ పాస్టర్ గారిని అడగడం, ఎవరు తనకు నచ్చిన జవాబు చెబుతారా అని. నాదైతే మా ఆయన్ని అడగడం. "ఏమండీ, వస్తుందంటారా?" రోజుకు పదిసార్లు.

పూర్తిగా మానేస్తానని ఒట్టు పెట్టుకోవద్దు, రెండో రోజే విరుగుతుంది. ఒక టైం పెట్టుకోండి. మెయిల్ పొద్దున 10కి, సాయంత్రం 5కి. మధ్యలో చెయ్యి ఫోన్ మీదికి వెళ్లినప్పుడల్లా "ఇది కవర్లో ఉంది" అని ఒక్క మాట అనుకుని, గోడ మీది జాబితాలోంచి ఒక పని చేయండి. మొదటి వారం రోజుకు ముప్ఫైసార్లు అనుకోవాల్సి వస్తుంది. పరవాలేదు.

5. రోజుకు 20 నిమిషాలు: ఒక కీర్తన, ఒక మౌనం

వారానికి ఏడు కీర్తనలు: 13, 27, 37, 40, 62, 130, 131. రోజుకొకటి. వారం అయ్యాక మళ్లీ మొదటి నుంచి. కొత్తవి వెతక్కండి, ఒకే కీర్తన ఐదో వారం వేరేగా వినిపిస్తుంది. 13వది "ఎన్నాళ్లు" అన్న గోడుతో మొదలవుతుంది, కాబట్టి దేవుడితో అలా మాట్లాడవచ్చా అన్న అనుమానం మొదటి రోజే తీరిపోతుంది. పది నిమిషాలు చదవడం, ఐదు నిమిషాలు ప్రార్థన, ఐదు నిమిషాలు ఏమీ అడక్కుండా కూర్చోవడం. చివరి ఐదు నిమిషాలే కష్టం.

పొద్దున కుదరకపోతే ప్రయాణంలో చేయండి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో ముప్పావు గంట పైనే పడుతుంది, నిలబడి కూడా కీర్తన చదవొచ్చు. బండి నడిపేవాళ్లు మాత్రం దయచేసి కళ్లు మూసుకోకండి. ఒకాయన నన్ను నిజంగానే అడిగాడు.

ఏ కీర్తనా నోటికి రాని రోజులుంటాయి. ఆ రోజు 88 చదవండి. ఆ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది, అయినా అది బైబిల్లో ఉంది.

6. ఎదురుచూసే రోజుల్లో బతకండి

అందరూ వదిలేసేది ఈ మెట్టునే. యిర్మీయా 29:11 మనలో చాలామందికి కంఠస్థం, సమాధానకరమైన ఉద్దేశాలు అన్న వచనం. డిసెంబర్ 31 రాత్రి ప్రార్థనలో ఆ వాగ్దాన కార్డు వస్తే ఇంట్లో పండగే. దాని పైవచనం చదవండి: 70 సంవత్సరాలు గడిచాక అని ఉంటుంది. ఇంకాస్త పైకి, 5వ వచనానికి వెళ్తే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి అని ఉంటుంది. పరాయి ఊళ్లో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరం అది. ఎదురుచూడండి, ఈలోగా వంకాయ నాటుకోండి అని.

నెహెమ్యాను చూడండి. యెరూషలేము గోడలు పడి ఉన్నాయన్న వార్త కిస్లేవు నెలలో వింటే, రాజు ముందు నోరు తెరిచింది నీసాను నెలలో. సుమారు నాలుగు నెలలు. రాజు "ఏం కావాలి" అని అడిగేసరికి ఎన్నాళ్లు పడుతుందో, ఏ అధికారులకు ఉత్తరాలు కావాలో, కలప ఎక్కడి నుంచి రావాలో అన్నీ చెప్పేశాడు. ఏడుస్తూనే లెక్కలు వేసుకున్నాడన్నమాట.

మన దగ్గరే మెదక్ చర్చి ఉంది. కరువు రోజుల్లో చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర జనానికి పని, అన్నం దొరకాలని కట్టించింది. 1914లో మొదలై 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. వాన కోసం ఆకాశం చూసిన మనుషులే ఆ రాళ్లు మోశారు. క్రిస్మస్ రద్దీలో కాకుండా మామూలు రోజున ఒకసారి వెళ్లి రండి.

కాబట్టి ఫంక్షన్లు మానకండి. పెళ్లి కుదిరాక చూద్దాం, ఉద్యోగం వచ్చాక చూద్దాం అని ఆపేసిన పనుల్లో ఒకటి ఈ వారం మొదలుపెట్టండి. కుట్టు మిషన్ బాగు చేయించడమైనా సరే, సండే స్కూల్లో పిల్లలకు చెప్పడమైనా సరే.

7. ఒక్కరికి చెప్పండి

వాట్సాప్ ప్రేయర్ గ్రూపులో పెట్టకండి. 200 మంది "ఆమెన్" పెడతారు, మర్నాడు వాళ్లలో పదిమంది "ఏమైంది?" అని అడుగుతారు. ఒక్కరికి చెప్పి, వారానికోసారి ఒకే ప్రశ్న అడగమనండి: "ఈ వారం ఎన్నిసార్లు వెనక్కి తెచ్చుకున్నావు?" పని అయ్యిందా అని అడగొద్దనండి.

తరచూ చేసే తప్పులు

దేవుడికి సాయం చేయడం. ఇది నా తప్పే కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. కొన్నేళ్ల క్రితం మా తమ్ముడి ఉద్యోగం కోసం ఎనిమిది నెలలు ప్రార్థన చేశాం. తొమ్మిదో నెలలో ఒక కన్సల్టెన్సీవాళ్లు డబ్బు కడితే దొడ్డిదారిన పెట్టిస్తామన్నారు, అనుభవం ఉన్నట్టు కాగితాలు కూడా వాళ్లే ఇస్తారట. "దేవుడు తలుపు తెరిచాడు" అన్నది నేనే. నా గాజులు కుదువ పెట్టాం. తమ్ముడు చేరాడు, కాగితాలు దొంగవని తేలి మూడో నెలలో బయటికొచ్చాడు. డబ్బు పోయింది. అంతకంటే, నిజంగా వచ్చిన ఇంటర్వ్యూల్లో ఆ మూడు నెలల గురించి ఏం చెప్పాలో తెలియక వాడు పడిన బాధ నేను చూశాను. అబ్రాహాము పిలుపు అందుకున్నప్పుడు 75 ఏళ్లవాడు. ఇష్మాయేలు పుట్టేసరికి 86. ఇస్సాకు పుట్టేసరికి 100. మొదటి పదేళ్లు ఓపిక పట్టినవాడే పదకొండో ఏట సొంత ఏర్పాటు చేసుకున్నాడు, దాని భారం మోసింది ఇష్మాయేలును కన్న దాసి హాగరు. తెరిచిన తలుపు దేవుడిదేనా అని తెలుసుకోవడానికి నేనిప్పుడు ఒకటే చూస్తాను: అందులోంచి వెళ్లాలంటే అబద్ధం ఆడాలా? ఆడాల్సి వస్తే అది కిటికీ.

చివరి గంటలో లేచిపోవడం. సౌలు సమూయేలు చెప్పినట్టు ఏడు రోజులు ఆగాడు. జనం చెదిరిపోతున్నారని తానే దహనబలి అర్పించాడు, అది ముగియగానే సమూయేలు వచ్చాడు. సౌలును లేపింది పక్కనవాళ్లు వెళ్లిపోవడం. మీ బ్యాచ్‌మేట్లందరూ అమెరికా వెళ్లిపోతున్నప్పుడు మీకు పుట్టే తొందర కూడా అలాంటిదే.

బేరం. "ఇది చేస్తే 40 శుక్రవారాలు ఉపవాసం ఉంటాను." ఉపవాసం మంచిదే. దాన్ని అడ్వాన్సుగా కట్టడమే బాగోదు. మొక్కుకున్నది తీర్చలేక తర్వాత చర్చికి రావడమే మానేసినవాళ్లను చూశాను.

గుర్తులు వెతకడం. గిద్యోను దేవుణ్ని గుర్తు అడుగుతూ నేల మీద గొఱ్ఱెబొచ్చు పెట్టాడు కదా అంటారు. ఆయనకు దేవుడు ముందే చెప్పాడు, నమ్మలేక పెట్టాడు. సిగ్నల్ పచ్చగా ఉంటే ఈ సంబంధం ఖాయం అనుకోవడానికి అది ఆధారం కాదు. అలాగే పేరు పెట్టి ప్రవచనం చెప్పి కానుక అడిగేవాళ్ల దగ్గర నుంచి లేచి వచ్చేయండి, మర్యాద గురించి ఆలోచించకండి.

ఓర్చుకోకూడనిది ఓర్చుకోవడం. ఇది గట్టిగా చెబుతున్నాను. భర్త కొడుతుంటే "దేవుడికి అప్పగించి ఓపిక పట్టు" అనే సలహా తప్పు. కొట్టించుకోవడం సమర్పణ కాదు. 181 మహిళల హెల్ప్‌లైన్, ఫోన్ చేయండి. షుగరు, బీపీ, థైరాయిడ్, మనసుకు సంబంధించిన మందులు, ఏవైనా సరే, విశ్వాసం పేరుతో ఆపకండి. రెండు వారాలుగా నిద్ర, తిండి లేకపోయినా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా కవరు, కీర్తనలు పక్కనపెట్టి ముందు 14416కి చేయండి. అది టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు. ఆ ఫోన్ చేయడం ఎడమవైపు జాబితాలో మొదటి వరస.

పని జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది

విషయం తేలిందా అన్నది కొలత కాదు. కీర్తన 131లో చనుపాలు మానిన పిల్ల తల్లి ఒడిలో ఉన్నట్టు అని ఉంటుంది. పాలు తాగే పిల్ల ఒడిలోకి రాగానే వెతుక్కుంటుంది. మానిన పిల్ల ఊరికే కూర్చుంటుంది. 20 నిమిషాల్లో ఆ చివరి ఐదూ కాస్త తేలికవుతున్నాయా చూసుకోండి.

ఇంకా కొన్ని చిన్న గుర్తులు. అదే వార్త పక్కింటి అమ్మాయికి వస్తే, మొదటి రోజు కాకపోయినా మూడో రోజుకైనా వెళ్లి స్వీటు తినగలుగుతున్నారా? ఇంట్లోవాళ్ల మీద అరవడం తగ్గిందా? ఇది మీరు చెప్పకండి, వాళ్లను అడగండి. "ఎన్నిసార్లు వెనక్కి తెచ్చుకున్నావు" అన్న ప్రశ్నకు ముప్ఫై కాస్తా పన్నెండు అయిందా? పన్నెండు అంటే బాగా నడుస్తోందని అర్థం. సున్నా అని చెప్పేవాళ్లను నేను నమ్మను.

మూడో వారంలో ఇవేవీ మారకపోతే రెండో మెట్టుకు వెళ్లండి. గీత తప్పు చోట పడి ఉంటుంది, పదిసార్లలో ఎనిమిదిసార్లు అక్కడే దొరుకుతుంది.

8. నలభయ్యో రోజు

కవరు తెరవండి, ఆ ఒక్క మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని. జవాబు వచ్చి ఉంటే తేదీ రాసి, ఆదివారం సాక్ష్యం చెప్పండి. చెప్పేటప్పుడు ఎదురుచూసిన రోజుల సంగతి కూడా చెప్పండి, "అడిగాను, ఇచ్చాడు" అని రెండు ముక్కల్లో ముగించకండి. వెనక బెంచీలో ఇంకా ఎదురుచూస్తున్నవాళ్లు ఉంటారు.

ఇంకా తేలకపోతే గీత మళ్లీ గీయండి. కుడివైపువి కొన్ని ఎడమకు వచ్చి ఉండొచ్చు, ఎడమవైపువి కొన్ని అయిపోయి ఉండొచ్చు. కొత్త తేదీ వేసి కవరు మూసేయండి.

"కాదు" అని తేలిపోతే, వెంటనే "అంతా మేలుకే" అనకండి, ఎవరినీ అననివ్వకండి. బిడ్డ బతకాలని దావీదు నేల మీద పడి ఉపవాసం ఉన్నాడు. ఏడో రోజున బిడ్డ పోయాడు. అప్పుడాయన లేచి, స్నానం చేసి, బట్టలు మార్చుకుని, మందిరానికి వెళ్లి మొక్కి, ఇంటికొచ్చి భోజనం పెట్టమన్నాడు. ఆ వరస మీరూ పాటించండి. స్నానం, చర్చి, అన్నం. వండుకునే ఓపిక లేకపోతే ఆ ఒక్క మనిషికి ఫోన్ చేసి, పప్పన్నం తెమ్మనండి.